మైకు సెట్టు ధనరాజు చెప్పని మాట

ఫిబ్రవరి 9, ఆదివారం

మళ్ళీ అదే ప్రసంగం. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి ఇదే. తలా ఒకరికి చెప్పండి, తలా ఒకరిని తీసుకురండి, ఈస్టరు నాటికి గుడి సగం కొత్త ముఖాలతో నిండాలి అంటాడు మా పాస్టరు ఆనంద్‌కుమార్. కుర్రాడు మంచివాడే. గొంతు కూడా మంచిదే, ట్రెబుల్ కొంచెం తగ్గిస్తే చెవికి హాయిగా ఉంటుంది. కానీ ఈ మాట చెప్పేటప్పుడు వెనక గోడ దగ్గర, యాంప్లిఫయరు పక్కన కూర్చున్న నన్నే ఎందుకు చూడాలి?

ఇవాళ మైకులోనే అడిగేశాడు. "ధనరాజన్నా, మీరు ఎవరిని తెస్తున్నారు?"

"జనరేటరు తెచ్చాను కదండీ అయ్యగారూ" అన్నాను.

గుడంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. మా ఆవిడ నవ్వలేదు. ఆవిడ పేరు సువార్త. "సువార్త మన గడప దాటాలి" అని అయ్యగారు అన్నప్పుడల్లా నేను ఆవిడ వైపు చూసి కనుబొమ్మలు ఎగరేస్తాను. పెళ్ళైన కొత్తలో దానికి నవ్వేది.

ఇంటికి వస్తుంటే దారిలో అంది. "సూరయ్యన్నకి ఎప్పుడైనా సెప్పేవా?"

"ఏటి సెప్పాలి?"

"ఏటా? నన్నడుగుతావేటి" అని కొంగు నెత్తి మీద వేసుకుని ముందుకు నడిచేసింది.

సూరయ్యకు నేనేం చెప్పాలి? ఊళ్ళో బడిలో ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం, లెక్కల్లో కలిసే తప్పాం. వాడు సముద్రం మీదకు వెళ్ళి తండేలయ్యాడు. బోటు ఎటు తిరగాలో, వల ఎక్కడ పడాలో వాడు చెప్తే మిగతావాళ్ళు చేస్తారు. నేను వైర్లలో పడ్డాను. పెళ్ళి, ఉత్సవం, మీటింగు, ఆరాధన, ఎవరు మాట్లాడాలన్నా మైకు నాది. మాట వాళ్ళది. ఇన్నేళ్ళలో నేను మైకులో అన్నది "హలో, హలో, టెస్టింగ్" ఒక్కటే. అదైనా స్పష్టంగా అంటానని పేరుంది.

ఎవరి పని వాళ్ళది. నా సేవ వైర్లు.

ఫిబ్రవరి 11

సూరయ్యను బండి మీద శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళి తెచ్చాను. వాళ్ళ జాలరి పేటలో అందరికీ షుగరని చెప్పుకున్నాడు. కిడ్నీలని తెలిసింది వాడి పెళ్ళాం తాతమ్మకూ, నాకూ, సువార్తకూ. బోటులో వాళ్ళకు తెలిస్తే తండేలుగా ఉంచరు. సంద్రం మధ్యలో కళ్ళు తిరిగి పడిపోయేవాడిని నమ్మి ఎవరొస్తారు?

రిపోర్టు బాగాలేదు. డాక్టరమ్మ ఇంగ్లీషులో మొదలుపెట్టి, మా ముఖాలు చూసి తెలుగులోకి వచ్చింది. ఇక రక్తం మిషను మీద శుద్ధి చేయించుకోవాల్సిందే. అంతకంటే ముందు చేతిలో నరాలు కలిపే చిన్న ఆపరేషను చెయ్యాలి. ఆలస్యం చేస్తే ప్రమాదం అంది. "ప్రమాదం" అన్న మాట తెలుగులోనే అంది.

తిరిగొస్తూ నరసన్నపేటలో టీకి ఆగాం. సూరయ్య గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు తాగలేదు.

"ఒరే బావా."

"ఏటి?"

"మీ గుడిలో ఏటంటారు? సచ్చిపోయినోళ్ళు ఎక్కడికెల్తారంటారు?"

వేళాకోళానికి అడగలేదు. వాడి కళ్ళు నాకు తెలుసు. పరీక్షలో చూపించమని బల్ల కింద నుంచి కాలితో తన్నినప్పుడు కూడా ఇలాగే చూసేవాడు.

"ముందు ఊరి బయటికెల్తారు" అన్నాను. "అక్కడ మావోళ్ళకి పాతిపెట్టడానికి జాగా సాలట్లేదని ఎమ్మార్వోకి అర్జీ ఎట్టేం. అది తేలితేగానీ ఎవుడూ పైకి కదల్లేడు."

సూరయ్య నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గాడు. టీ కొట్టువాడు కూడా నవ్వాడు. తర్వాత ఇంటి దాకా వాడు ఆ మాట ఎత్తలేదు.

హైవే మీద లారీల మోత. దాంట్లో ఏం మాట్లాడతాం?

ఫిబ్రవరి 12

రోగిష్టి మనిషిని నవ్వించడం కూడా సేవే.

ఫిబ్రవరి 16, ఆదివారం

గుడిలో కరపత్రాలు పంచారు. తలా ఒక కట్ట. నా కట్ట యాంప్లిఫయరు కింద పెట్టాను, బల్ల ఒక పక్కకు ఒరిగి ఉంది. ఇప్పుడు సరిగ్గా కూర్చుంది. సువార్త చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడం ఆవిడకు ఈమధ్య బాగా అలవాటైంది.

ఫిబ్రవరి 20

పేటలో పెళ్ళి. సెట్టు వేశాను. పేట పెద్ద అప్పలస్వామి మావ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టించాడు. కొత్త చుట్టాలకు నన్ను చూపించి ఇలా చెప్పాడు.

"ఈడు ధనరాజు. కిరస్తానీయే గానీ బంగారం లాంటోడు. మతం గితం అని ఒక్కనాడు మా జోలికి రాలేదు. మన పాటలు మనకంటే బాగా ఎయ్యగలడు."

చుట్టాలు తలలూపారు. నేను కూడా ఊపాను. చేప పులుసు బాగుంది. రెండోసారి వేయించుకున్నాను.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే, మావ పొగిడినదాంట్లో నేను చేసిన పని ఒక్కటీ లేదు. నా మంచితనం అంతా నేను నోరు మూసుకోవడంలోనే ఉందట.

అయినా ఆయన తప్పేముంది? ఒకరి దేవుడి మీదకు వెళ్ళి ఇంకొకరు కేకలు వెయ్యడం నాకూ నచ్చదు. కేకలు వేసేవాళ్ళకు సెట్టు నేనే ఇచ్చాను, నాకు తెలుసు. కేకకూ మాటకూ మధ్య ఏదో ఉండాలి. అది నాకు చేతకాదు.

ఫిబ్రవరి 27

నిన్న శివరాత్రికి సూరయ్య, తాతమ్మ ముఖలింగం వెళ్ళొచ్చారు. వంశధారలో స్నానం చేశారట, క్యూలో చాలాసేపు నిలబడ్డారట. వాడికి కాళ్ళు వాచిపోయాయి.

సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో ప్రసాదం, దారిలో ఇంకెవరికో ఇవ్వడానికి. రెండోదాంట్లో అరటిపళ్ళు.

"ఇయ్యి మీకు. దేవుడికి సూపించలేదు. బయట కొట్టులో కొని ఇడిగా ఎట్టేను" అన్నాడు. "మీరు తినరు కదా, పెసాదం."

సువార్త సంచి అందుకుని లోపలికి వెళ్ళింది. లోపల్నుంచి చాలాసేపు రాలేదు.

ఆ గుంపులో, ఆ వాచిన కాళ్ళతో, నా కోసం విడిగా పళ్ళు పెట్టుకుని మోసుకొచ్చాడు. నా నమ్మకానికి వాడిచ్చిన మర్యాద ఇది. నేనిచ్చినది ఎమ్మార్వో అర్జీ.

అరుగు మీద కూర్చున్నాం. ఆపరేషను వచ్చే మంగళవారం. నిండు చేతుల చొక్కా గుండీ విప్పి, కోసేది ఇక్కడేనని మణికట్టు చూపించాడు. తుపాను గాలిలో బోటు నిలబెట్టిన చెయ్యి అది.

"బావా, మా దేవుళ్ళందరికీ సెప్పేసేను. గంగమ్మకి సెప్పేను, ముఖలింగేశ్వరుడికి సెప్పేను. మీవోడొక్కడే మిగిలిపోయేడు. నాకు ఆయన తెలీదు. నీకు తెలుసు. నువ్వు సెప్పు."

"సెప్తానులే."

"సెప్తానులే కాదు. ఇప్పుడు సెప్పు. నా ఎదరే. నాను ఇంటాను."

నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. వీధిలో వెళ్ళేవాళ్ళు చూస్తారేమో అనిపించింది. తప్పు మాట వస్తుందేమో అనిపించింది. ఇంత భయంలో ఉన్నవాడితో దేవుడి మాట ఎత్తితే, అదును చూసి లాగాడని అంటారేమో అనిపించింది. ఇవన్నీ నిజమే. ఒకటి కాకపోతే ఒకటి నిజమే.

"ఉండు. మా అయ్యగారికి ఫోను సేస్తాను. ఆయనైతే బాగా సేస్తాడు" అన్నాను.

సూరయ్య చొక్కా గుండీ పెట్టుకున్నాడు. "సరే. నీ ఇట్టం" అన్నాడు.

ఫోనులో అయ్యగారికి అన్నీ చెప్పాను. కిడ్నీల సంగతి, ఆపరేషను సంగతి. ఆయన చాలా సంతోషించాడు. "అన్నా, చూశారా, మీ ద్వారా ఒక తలుపు తెరుచుకుంది" అన్నాడు.

మార్చి 1, శనివారం

ఇవాళ పొద్దున్న సూరయ్య ఇంటి దగ్గర ప్రార్థన అయింది. బాగా జరిగింది. అయ్యగారు, సంఘం వాళ్ళు కొంతమంది వచ్చారు. అయ్యగారు చిన్న బాక్సు కావాలంటే తీసుకెళ్ళాను. బ్యాటరీది, చంకలో పట్టేది. సౌండు సగం కూడా పెట్టలేదు. పాట బాగా కుదిరింది. ప్రార్థన కొంచెం పెద్దదే.

సూరయ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని మొదటి నుంచి చివరి దాకా నా వైపే చూశాడు. సంతోషించే ఉంటాడు.

పొద్దున్న పూట గాలి ఊరి మీంచి తీరానికి వీస్తుంది. అది ఎవరి చేతిలోనూ లేదు.

మార్చి 2, ఆదివారం

ఆరాధన అయ్యాక వైర్లు చుడుతుంటే అప్పలస్వామి మావ గుడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. నేనే వెళ్ళాను.

"ఒరే ధనరాజూ, కుర్రోళ్ళ పేనాలు ఆడి సేతిలో ఎట్టి సంద్రం మీదకి పంపుతున్నాం. ఆడికి రెండు కిడ్నీలూ పోయేయని మాకు మైకులో తెలియాలేటి?"

చేతిలో ఉన్న వైరు ఇంకో చుట్టు చుట్టాను.

"నిన్న మావోళ్ళు తీరం కాడ వలలెక్కిస్తన్నారు. మీ అయ్యోరి గొంతు గణగణమని ఇనిపించింది. పెబువా, ఈ సూరయ్య రెండు కిడ్నీల్ని ముట్టుకో అని. కుర్రోళ్ళు వలలు కిందెట్టేసేరు. ఏటి సెయ్యమంటావు?"

"మావా, అయ్యగారికి తెలీదు, అది దాసుకున్న సంగతని..."

"నీకు తెలుసు కదరా."

ఇకనుంచి బోటుకు తండేలు గోవింద్ అట, నిన్న సాయంత్రమే పెద్దలు కూర్చుని అనుకున్నారట. సూరయ్యను ఎవరూ తిట్టలేదట, ఇంటికెళ్ళి మంచిగానే చెప్పారట. అది వింటే ఇంకా కష్టంగా ఉంది. తిట్టి ఉంటే వాడు తిరిగి తిట్టేవాడు.

వెళ్తూ వెళ్తూ మావ వెనక్కి తిరిగాడు. "మీ దేవుడి మీద నాకేటీ కోపం లేదు. రోగిష్టోడికి మొక్కితే ఎవులు కాదంటారు? సెవిలో సెప్పుకోడానికి మైకెందుకురా?"

మార్చి 3

పేటకు వెళ్ళలేదు. బాక్సుల్లో ధూళి దులిపాను. దులపాల్సినంత లేదు.

మార్చి 4, మంగళవారం

ఆపరేషను రోజు. తెల్లవారగానే బండి తీసుకుని వెళ్ళాను. తాతమ్మ గుమ్మంలో చేపలు కడుగుతోంది. తల ఎత్తలేదు.

"ఆడు రాడన్నయ్యా."

"రాకపోతే ఎలాగమ్మా? డాక్టరమ్మ..."

"సెప్పేను. కాళ్ళట్టుకున్నాను. పొద్దున్నే లెగిసి తీరానికెలిపోయేడు. ఎవులొచ్చినా రాననమన్నాడు. నువ్వొస్తే అస్సలు రాననమన్నాడు."

కడిగిన నీళ్ళు నా కాళ్ళ పక్కగా పారబోసింది. మీద పొయ్యలేదు. పోసినా అనేదేమీ లేదు.

"ఒక్క మాటడుగుతాను" అంది. "రెండు రోజులు ఆడు నాతో ఏటన్నాడో తెలుసా? అయ్యోరొచ్చినా ధనరాజే సెప్తాడే, ఆడు మనోడే, నా పేరెట్టి నా ఎదరే సెప్తాడే అన్నాడు. సెనివారం పొద్దున్న కొత్త పంచి కట్టుకున్నాడు. నువ్వేమో డబ్బా సంకనెట్టుకుని వైరు సూసుకుంటన్నావు."

ఖాళీ బండి మీద వచ్చేశాను. సువార్త వాకిట్లో నిలబడి వెనక సీటు చూసింది. లోపలికి వెళ్ళిపోయింది.

మార్చి 5

శనివారం నేను రాసుకున్నదాంట్లో అబద్ధం ఉంది. ఇది ఎవరూ చదవరు, అయినా అబద్ధం రాశాను.

అయ్యగారు బాక్సు అడగలేదు. "ఇంటి ప్రార్థనే కదన్నా, ఎందుకు?" అని కూడా అన్నాడు. నేనే తీసుకెళ్ళాను. మనిషి నిలబడి గొంతు సవరించుకుంటే మైకు అందివ్వడం నా చేతులకు అలవాటు, అందుకని అనుకున్నాను. అదీ పూర్తి నిజం కాదు. చేతిలో వైరు ఉంటే నన్ను ఎవరూ ప్రార్థన చెయ్యమనరు. చిన్నప్పటి నుంచి అంతే. గుడిలో అందరూ వంతులవారీగా రెండు మాటలు చెప్పే రోజున నేను ఎప్పుడూ ఫ్యూజు చూసుకుంటూ ఉంటాను. కరెంటు పోతే ప్రభువుకు స్తోత్రం అనుకునే విశ్వాసిని నేనొక్కడినే అయి ఉంటాను.

ఇవాళ్టి నుంచి మా శ్రమదినాలు, ఈస్టరుకు ముందు ఉపవాసాల రోజులు, మొదలయ్యాయి. అందరూ ఏదో ఒకటి మానేస్తారు. సువార్త టీ మానేసింది. నేనేం మానాలో నాకు తెలుసు.

మార్చి 8

సూరయ్య ముఖం కూడా వాచిందని సువార్త చెప్పింది. బజారులో తాతమ్మ కనిపించిందట. రాత్రుళ్ళు పడుకుంటే ఆయాసం, కూర్చునే నిద్రపోతున్నాడట. ఆసుపత్రి మాటెత్తితే గోడ వైపు తిరుగుతాడట.

వాడికి ఏమైనా అయితే అది నేను చేసిందే. ఇందులో నవ్వడానికి ఏమైనా ఉందా అని వెతికాను. అలవాటు కదా. దొరకలేదు.

మార్చి 9, ఆదివారం

ఆరాధన తర్వాత అయ్యగారికి మొత్తం చెప్పాను. ఆయన ముఖం తెల్లబోయింది. కుర్రాడు, నా చిన్న తమ్ముడి వయసు కూడా లేదు. బల్ల మీద తల పెట్టుకున్నాడు.

"అది రహస్యమని నాకు తెలీదన్నా. తెలిస్తే ఆ మాట ఎత్తేవాణ్ణా?"

"నేను చెప్పలేదు కదండీ మీకు."

కాసేపటికి లేచి బండి తాళం తీసుకున్నాడు. "పదండి. నేను వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకుని క్షమాపణ అడుగుతాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయనైతే బాగా మాట్లాడతాడు. ఆయన మాట్లాడుతుంటే నేను పక్కన తల వంచుకుని నిలబడితే సరిపోతుంది అనుకున్నాను. గేటు దాకా ఆయన వెనకే నడిచాను కూడా. బండి స్టార్టు చేశాడు.

"వద్దు అయ్యగారూ" అన్నాను.

"ఏమన్నా?"

"మొన్న కూడా మిమ్మల్నే పంపాను."

ఆయన బండి ఆపేసి తాళం తీశాడు. తర్వాత అన్నాడు. "నేను వారం వారం మీ అందరికీ ఒకరిని తీసుకురండి, ఒకరిని తీసుకురండి అంటాను. ఎక్కడికి తీసుకురమ్మంటున్నాను? నా దగ్గరికి. అందులో కూడా ఏదో తప్పుంది కదన్నా."

"ట్రెబుల్ కూడా కొంచెం తగ్గించాలండీ" అన్నాను. ఇద్దరం నవ్వలేదు.

మార్చి 10

వెళ్ళాలి. ఇవాళ కిష్టంరాజు గారి అమ్మాయి ఓణీల ఫంక్షనుకు సెట్టు ఉంది.

సెట్టు మధ్యాహ్నానికే అయిపోయింది. అయినా వెళ్ళలేదు.

మార్చి 11

వెళ్ళాను.

తీరం దగ్గర, పడవ నీడలో కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. బోటు పొద్దున్నే వెళ్ళిపోయింది, గోవింద్‌తో. వాడు కూర్చున్న చోటు నుంచి అది వెళ్ళిన దారి తిన్నగా కనిపిస్తుంది. కావాలనే అక్కడ కూర్చున్నాడో, కాదో.

వాచిన ముఖంలో కళ్ళు చిన్నవైపోయాయి. నేను వెళ్ళి ఎదురుగా ఇసుకలో కూర్చున్నాను. వాడు తల ఎత్తలేదు. వల అవతలి కొస పట్టుకుని బిగించి ఉంచాను, అలా పట్టుకుంటే అల్లేవాడికి సులువు.

"వదులు" అన్నాడు.

వదల్లేదు. వాడు కూడా రెండోసారి అనలేదు.

"తప్పయిపోయింది బావా."

"ఏటి తప్పు?"

"మైకు."

సూది ఆపాడు. "మైకు సంగతి నాకొదిలేయ్. నా రోగం ఈ రోజు కాకపోతే రేపు బయటపడీదే. సెయ్యి కోసేక దాస్తే దాగుతాదేటి? తండేలు పని ఎలాగూ పోనాది. దానికి నీ మీద ఏడవను."

"మరి?"

"నానెవుల్ని అడిగేను?"

అలలు వస్తున్నాయి, పోతున్నాయి. నా నోట్లో ఒక జోకు కూడా తయారై కూర్చుంది. వాడు గమనించాడు.

"నవ్వించకు. నవ్వించేవంటే ఈ సూదెట్టి పొడుస్తాను. నాను నిన్నడిగేను. నువ్వు మడిసినెట్టేవు. నా కోసం కూలికి మడిసినెట్టేవురా. ఆ అయ్యోరు మంచోడే. ఆడికి నానెవుణ్ణి? నా పేరు కూడా కాయితం మీద సూసి సదివేడు."

నిజమే. పేరు నేనే రాసిచ్చాను.

"ఒక మాటడుగుతాను, నిజం సెప్పు" అన్నాడు. "మీ దేవుడు అంత మంచోడైతే, ఇన్నేళ్ళూ నాకు సెప్పకుండా దాసుకున్నావేటి? ఎక్కడ సేప పడతాదో నీకు తెలిసినా నాకు సెప్పనట్టు. లేకపోతే నీకే నమ్మకం లేదా? లేకపోతే ఈడికి పనికిరాదులే అనుకున్నావా? మూడింట్లో ఏది?"

ఏడ్చాను. తీరం మీద పట్టపగలు. యాభై దాటిన మగవాడిని. దూరంగా ఎండు చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు చూశారు. వీధిలో వెళ్ళేవాళ్ళు చూస్తారని కదా ఆ రోజు నోరు మూసుకున్నాను. ఇవాళ అందరూ చూశారు. ఏమీ కాలేదు.

సూరయ్య కాసేపు చూసి, "ఒరే, వల తడిసిపోద్ది" అన్నాడు.

అప్పుడు కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆసుపత్రికి రమ్మన్నాను. డాక్టరమ్మతో నేను మాట్లాడతానన్నాను, ఎల్లుండి పొద్దున్నే వెళ్దామన్నాను. చాలాసేపు అల్లుకుంటూనే ఉన్నాడు. చివరికి దారం కొరికి తెంపాడు.

"వస్తాను. తోవలో నువ్వు సెప్పాల."

"ఏటి?"

"నువ్వు నమ్మిందేదో అది. పాటొద్దు. పుస్తకమొద్దు. అయ్యోరొద్దు. మీ గుడికొచ్చేస్తానని కాదు. ఎవులికి మొక్కాలో నాకు తెలుసు, నా గంగమ్మ నాకుంది. కానీ నువ్వు ఏటి నమ్మి ఇన్నాళ్ళూ బతుకుతన్నావో నాకు తెలియాల. నానెలిపోయే లోపు నీ గురించి నాకు తెలియనిది ఏదీ ఉండకూడదు. సెప్తావా?"

"సెప్తాను."

"తోవలో ఎమ్మార్వో గురించి సెప్పేవంటే బండి మీంచి దూకేస్తాను."

మార్చి 12

పొద్దున్నుంచి రాస్తున్నాను. నాలుగు వాక్యాలు వచ్చాయి. చదువుకుంటే నాలుగూ అయ్యగారివే. ఒకటి ముందున్న అయ్యగారిది. కొట్టేశాను.

సువార్తను అడిగాను. "ఏటి సెప్పనే ఆడికి?"

వంటింట్లో ముల్లంగి తరుగుతోంది. కత్తి ఆపింది. నెల్లాళ్ళ తర్వాత నా వైపు తిన్నగా చూసింది.

"తెలిసిన ఊరికి తోవ సెప్పడానికి పుస్తకం సూస్తావేటి?" అంది. మళ్ళీ తరగడం మొదలుపెడుతూ, "నాకు కూడా ఎప్పుడూ సెప్పలేదు నువ్వు" అంది.

ఆ రెండో మాట నేను అనుకోలేదు.

వాడడిగిన మూడింట్లో ఏది? రోజంతా అదే. నమ్మకం లేక కాదు. వాడికి పనికిరాదనీ కాదు. చెప్పి, వాడు "ఓహో" అని ఊరుకుంటే? నా లోపల ఉన్నదంతా బయటపెట్టాక అది వాడికి చిన్నదిగా కనిపిస్తే? నవ్వులాట అయితే పోయేదేమీ ఉండదు. అది నాది కాదు కదా, గాలిది. ఇది నాది. నా వస్తువు నలుగురిలో పెట్టి ఎవరైనా తిప్పి చూస్తారంటే భయం. ఆ భయానికి ఇన్నాళ్ళూ మర్యాద అని పేరు పెట్టుకున్నాను. మర్యాదంటే వాడు తెచ్చిన అరటిపళ్ళు. నాది పిరికితనం.

వాడు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోడనే చెప్పాడు. నా పని ఒప్పించడం కాదేమో. తలుపు తీసి చూపించడం వరకేనేమో. అదైనా చేశానా?

మార్చి 13, గురువారం, పొద్దున్న

పెందలాడే లేచాను. బండిలో పెట్రోలు చూశాను. ఇప్పుడు కాస్త టైము ఉంది, వాడింటికి వెళ్ళేలోపు ఒకసారి రాసి చూసుకుంటే దారిలో తడబడను. సువార్త పుస్తకం వద్దంది కానీ ఇది పుస్తకం కాదు. నా మాట నేను ఒకసారి వినాలి కదా.

సూరయ్యా, మా నాన్న పోయిన ఏడాది గుర్తుందా? అందరూ నేను గట్టిగా ఉన్నానన్నారు. శవం దగ్గర కూడా జోకులేశానని నువ్వే తిట్టావు. ఆ రోజు సామాను కొట్లో, బాక్సుల వెనక కూర్చుని నేను ఎవరితో మాట్లాడానో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు జవాబు వినిపించిందని కాదు. ఎవరో పక్కన కూర్చున్నట్టు అనిపించింది, అంతే. ఏమీ అనకుండా, లేచి వెళ్ళిపోకుండా. అప్పటి నుంచి ఇప్పటి దాకా వెళ్ళిపోలేదు. నీకు మొదటి రిపోర్టు వచ్చిన రోజు నుంచి నేను ఆయనకు నీ పేరే చెప్తున్నాను. రోజూ. నువ్వు అడగక ముందు నుంచీ. నీ ఎదురుగా చెప్పలేకపోయాను గానీ

ఇదేమిటి, బయట వాడి గొంతే. నేను వెళ్ళి తీసుకురావాలి కదా, ఆ వాచిన కాళ్ళతో ఇంత దూరం ఎలా నడిచాడు? "ఒరే బావా, ఆసుపత్రి తలుపులు మూసేస్తారు, లెగు! సువార్తా, ఈడేటి సేస్తన్నాడమ్మా లోపల?" అని అరుస్తున్నాడు. ఈ ఒక్క వాక్యం పూర్తి చేసి వెళ్తాను. సూరయ్యా, ఆయన నాకెవరో నీకు చెప్పాలంటే ముందు నువ్వు నాకెవరో